ఇంట్లో తిన్న మనిషి

మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆదివారం పొద్దున ఇంగ్లిష్ సారు ఫొటో వచ్చింది. ఫొటో కింద చేతులు జోడించిన బొమ్మలు, ఒక దీపం. గుండెపోటట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

ఆ ఫొటో కాలేజీ బ్రోచర్లోది. ఎవరో కత్తిరించి పెట్టారు కానీ, ఎడమ భుజం మీద కాలేజీ పేరులోని చివరి అక్షరం సగం మిగిలిపోయింది. పోయాక కూడా ఆ కాలేజీ ఆయన భుజం దిగలేదు.

మధ్యాహ్నానికి గ్రూపు నిండిపోయింది. గొప్ప గురువు అన్నారు, ఇలాంటి సారు మళ్లీ దొరకడన్నారు. ఒకబ్బాయి, "సారు మా ఇంటికొచ్చి మా అమ్మ చేతి వంట తిన్నడు, ఎన్నటికీ మరిచిపోను" అని రాశాడు. దాని కింద ఇంకొకరు, "మా ఇంట్ల గూడ తిన్నడు." ఆ కింద ఇంకొకరు, "మా ఇంట్ల గూడ." అలా పోతూనే ఉంది. ఆ వరసలో మా ఇల్లు కూడా ఉంది. నేను రాయలేదు.

ఆ గ్రూపులో మౌనిక లేదు. రెండేళ్లూ చదివి బయటపడ్డవాళ్ల గ్రూపు అది.

సారు పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునేవాడు. ఎవరింటికి పోయినా కుర్చీ వద్దని చాప అడిగేవాడు. కూర్చునే ముందు మోకాళ్ల దగ్గర ప్యాంటును రెండు వేళ్లతో పైకి లాక్కునేవాడు. భుజానికి ఒక నల్ల సంచి. జిప్పు పాడైతే పిన్నీసు పెట్టాడు. క్లాసులో ఉన్నంతసేపూ అది కుర్చీకి వేలాడుతూ ఉండేది.

రోజూ బోర్డు కుడిపక్క పై మూలన ఒక కొత్త ఇంగ్లిష్ మాట రాసేవాడు. రాసి వెంటనే అర్థం చెప్పేవాడు కాదు.

"కొత్త మాటకు వచ్చిన రోజే పని చెప్పొద్దు బిడ్డా. జర కూసోనియ్యాలె. మనల్ని చూడనియ్యాలె."

గంట చివర్లో అర్థం చెప్పినా చెరపనిచ్చేవాడు కాదు. లెక్కల సారు, ఫిజిక్స్ సారు ఆ మాటను తప్పించి చుట్టూ రాసుకునేవాళ్లు. సాయంత్రం గదులు ఊడ్చే ఆమె కూడా బోర్డంతా తుడిచి ఆ మూల వదిలేసేది. మర్నాడు ఆయనే వచ్చి, పాత మాటకు సెలవిస్తున్నట్టు నెమ్మదిగా తుడిచి, కొత్తది రాసేవాడు.

నేను నోరు విప్పని పిల్లనని ఆయనకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. నన్నెప్పుడూ లేపి ప్రశ్న అడగలేదు. నా నోట్‌బుక్ దిద్దేటప్పుడు మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్న రాసేవాడు. నేను దాని కిందే జవాబు రాసి ఇచ్చేదాన్ని. తర్వాతిసారి ఆ జవాబు కింద ఇంకో ప్రశ్న ఉండేది. ఇంట్లో కూడా అంత మాట్లాడని నేను ఆ మార్జిన్‌లో చాలా మాట్లాడాను. పుస్తకం చదవడం ఎట్లాగో నాకు అక్కడే వచ్చింది. ఆయన గురించి ఏం రాయబోయినా ముందు ఈ సంగతే అడ్డమొస్తుంది.

ఆయన మా ఇంటికి రావడం నేను పదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో. ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ఎండాకాలం సెలవులుండవు. పది రాసిన పిల్లల పేర్లు పట్టుకుని ఊళ్ల మీద పడి ఇల్లిల్లూ తిరగాలి. ఎంతమందిని తెస్తే జూన్‌లో ఉద్యోగం అంత గట్టిగా ఉంటుంది. అప్పటికే మడికొండలో మా ఇంటికి వేరే కాలేజీల వాళ్లు వచ్చి పోయారు. ర్యాంకులు చూపించారు, ఏసీ గదులన్నారు, కూల్‌డ్రింక్ తాగి పోయారు.

సారు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. మా ఇంటి ముందుగదే నాన్న కిరాణం కొట్టు. నాన్న బేరంలో ఉండి, "కూసోండ్రి సారు, సల్లటి నీళ్లు తాగుండ్రి" అన్నాడు.

"నీళ్లతోని కాదన్నా, ఆకలైతాంది. ఇంట్ల ఒక గుడ్డుంటే చాలు. ఎట్ల వండిన తింట."

అమ్మ తలుపు చాటు నుంచి నావైపు చూసింది. లెక్చరర్ మా ఇంట్లో అన్నం అడుగుతున్నాడు! పొయ్యి మీద టమాట పులుసు ఉడుకుతోంది. గబగబా అందులోకి గుడ్డు కొట్టి జారవిడిచింది. సారు చాప మీద కూర్చుని, ఆ గుడ్డును చిదపకుండా చెంచాతో పక్కకు తీసుకుని, అన్నమంతా తిని, చివర్లో గుడ్డు తిన్నాడు. వేళ్లు నాకాడు. కాలేజీ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. చేతులు కడుక్కుని వచ్చి, "అమ్మా, మీ ఇంట్ల తిన్న. ఇగ ఈ బిడ్డ నా బిడ్డ" అన్నాడు.

నాన్న లోపలికి పోయి బీరువా తెరిచి నా పదో తరగతి మెమో, టీసీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్. ఆయన వాటిని సంచిలో పెట్టి పిన్నీసు వేశాడు.

"గాళ్లంత కూల్‌డ్రింకులు తాగి పోయినోళ్లే. ఈన అన్నం తిన్నడు" అని అమ్మ వారం రోజులు చెప్పుకుంది. ఇంట్లో తిన్న మనిషంటే మాకు సగం చుట్టం. పెళ్లి సంబంధాలకు వచ్చినవాళ్లు కూడా మాట కుదరకపోతే తినకుండా లేచిపోతారు. తిన్నారంటే ఒప్పుకున్నట్టే.

మౌనిక నా బెంచీలో నా పక్కన కూర్చునేది. స్టేషన్ ఘన్‌పూర్ అవతల ఏదో పల్లె. వాళ్ల నాయిన కౌలుకు పత్తి వేస్తాడు. నేను బస్సులో వచ్చి పోయేదాన్ని, ఆమె హాస్టల్. నా వంతు మాటలు కూడా తనే మాట్లాడేది.

"మీ ఇంట్ల గూడ గుడ్డేనా?" అని అడిగింది ఒకరోజు.

తల ఊపాను.

"మా ఇంట్ల రెండు. మా అవ్వ పొదగేద్దామని దాచుకున్నయే. ఇద్దరు కోడిపిల్లలు పోయిండ్రు సారు కడుపులకు!" అని పడీపడీ నవ్వింది. ముందు బెంచీ వాళ్లు తిరిగి, వాళ్ల ఇళ్లలోనూ గుడ్డే తిన్నాడని చెప్పారు. ఆ రోజు మాకది నవ్వులాట.

కాలేజీ తెరిచిన కొన్నాళ్లకు మౌనికకు గురుకుల కాలేజీలో సీటు వచ్చింది. మొదటి లిస్టులో పేరు లేకపోతే వాళ్లు ఆశ వదులుకున్నారు. రెండో లిస్టులో వచ్చింది. చదువు, తిండి, పుస్తకాలు అన్నీ ఫ్రీ. శనివారం లోపల ఒరిజినల్స్ తీసుకుపోయి చూపిస్తే చాలు. ఆఫీసులో అడిగితే, "తీసుకపో, రెండేళ్ల ఫీజు కట్టి తీసుకపో" అన్నారు. రెండేళ్ల ఫీజు కట్టగలిగినవాళ్లు ఫ్రీ సీటుకు ఎందుకు పరుగెత్తుతారు?

ఆ వారంలోనే బోర్డు మూలన 'పోచ్' అనే మాట వచ్చి కూర్చుంది.

గంట చివర్లో సారు చేతులు దులుపుకుని మొదలుపెట్టాడు. "మీ అమ్మలు పులుసుల గుడ్డు కొట్టి ఏస్తరు గద. పెంకు లేదు, గిలక్కొట్టుడు లేదు, సక్కగ ఉడికేదాంట్ల జార్చుడే. అదే పోచ్."

"సారుకు మస్తు ఇష్టమైన మాట!" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

"ఇంకోటి. మనది గాని అడివిల వడి, పర్మిషన్ లేకుంట జంతువును కొట్టుకపోతరు సూడు, దొంగ వేట, అది గూడ పోచే."

"గుడ్డుకు, వేటకు ఏం సంబంధం సార్?"

"సంచి, తమ్మి. తెల్లసొన ఉడికినంక పచ్చసొనకు సంచి లెక్క అయితది. వేటగాని భుజానికి గూడ సంచే ఉంటది. రెండు మాటలు ఆ సంచిలకెల్లే వచ్చినయని కొందరంటరు."

నా ముందు డిక్షనరీ తెరిచి ఉంది. అందులో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. మౌనిక నా వేలి కింద దాన్ని చదివింది. చదివి లేచి నిలబడింది.

"సార్, ఇంకోటి ఉంది సార్. మీరు చెప్పలే."

"ఏంది బిడ్డా?"

"వేరేకాడికి పోయేటోళ్లను ఆశ వెట్టి మనకాడికి గుంజుకొచ్చుకునుడు."

సారు చొక్కా చేతి గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"అది సిలబస్‌ల లేదు. కూసో."

బెల్లు కొట్టాక డస్టర్ తీసుకుని ఆ మూల తుడిచేశాడు. రెండేళ్లలో అదే రోజు మాటను ఆయన చేత్తోనే తుడవడం ఆ ఒక్కసారే చూశాను.

కానీ వరండాలో మౌనికను ఆపి, "మీ నాయినను ఎల్లుండి రమ్మను. నేను మాట్లాడుత" అన్నాడు. మౌనిక ముఖం చూడాలి. మర్నాడే హాస్టల్ పెట్టె సర్దుకుంది. తన దుప్పటి నాకిస్తానంది, నేను హాస్టల్‌లో లేనని గుర్తొచ్చి నవ్వింది.

వాళ్ల నాయిన అన్నాల గంటకు వచ్చాడు. మెడలో తువ్వాల, చేతిలో స్టీలు డబ్బా. మేం గేటు పక్క రేకుల షెడ్డులో తింటున్నాం. వాచ్‌మన్ లోపలికి పోనివ్వకపోతే గోడ నీడలో కూర్చున్నాడు. మౌనిక చెయ్యి కడుక్కోకుండానే ఉరికి ఆయన పక్కన కూర్చుంది. డబ్బా మూత తీసి చూపించాడు. బియ్యంలో దాచిన గుడ్లు. దారిలో బస్సు కుదుపులకు పగలకుండా మా దగ్గర అట్లాగే తెస్తారు.

"సారు కోసం మీ అవ్వ పంపింది."

ఆఫీసు కిటికీ షెడ్డు వైపే ఉంది. డీన్ గొంతు స్పష్టంగా వినపడింది. "నువ్వు తెచ్చిన పిల్లను నువ్వే పంపిస్తవా సారూ? ఒకలకు ఇస్తే రేపు పదిమంది వస్తరు. నువ్వు గూడ వాళ్లతోనే పోదువా మరి?" సారు గొంతు అసలు వినపడలేదు. కిటికీలోంచి ఆయన చేతులు మాత్రం కనిపించాయి. ఒకదాని మీద ఒకటి కట్టుకుని, క్లాసులో మేం నిలబడ్డట్టే నిలబడ్డాడు.

చాలాసేపటికి గేటు దగ్గరికి వచ్చాడు. మౌనిక నాయిన లేచి నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు ఇంటికి పో. ఇయ్యాల కాలే. నేనే మీ ఇంటికొచ్చి కాయిదాలు ఇచ్చిపోత."

"శనివారం ఆఖరన్నరు సారు."

"ఎర్కే. ఫికర్ జెయ్యకు."

ఆయన డబ్బా అందించాడు. సారు వద్దన్నాడు. ఆయన మళ్లీ అందించాడు. గేటు దగ్గర పిల్లలంతా చూస్తున్నారు. సారు తీసుకున్నాడు.

వాళ్ల నాయిన పోతూ పోతూ మౌనిక తల మీద చెయ్యి వేసి, "మనింట్ల తిన్నడు బిడ్డా. అచ్చి ఇస్తడు. నువ్వేం పెట్టుకోకు మనసుల" అన్నాడు. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, నమ్మే అన్నాడు.

శనివారం వచ్చింది, పోయింది. మౌనిక సర్దిన పెట్టె సర్దినట్టే ఉంచి, అందులోంచే రోజూ ఒక జత తీసి వేసుకునేది. సారు క్లాసులో ఆమె వైపు చూసేవాడు కాదు. ఆమె అడగడానికి పోతే స్టాఫ్‌రూంలో లేడనేవాళ్లు. దసరా సెలవులకు ఇంటికి పోయి మళ్లీ రాలేదు. అప్పుడు సెల్‌ఫోను వాళ్ల నాయిన దగ్గర ఒక్కటే ఉండేది. ఆ నంబరు తర్వాత పని చేయలేదు. సారు వాళ్ల ఇంటికి పోయాడో లేదో నాకు తెలియదు. పోలేదనే అనుకున్నాను.

బోర్డు మూలన మాటలు వస్తూనే ఉన్నాయి. నా మార్జిన్‌లో ఎర్ర ప్రశ్నలు కూడా. నేనే జవాబులు రాయడం మానేశాను. కొన్నాళ్లు జవాబులేని ప్రశ్న కింద ఇంకో ప్రశ్న రాశాడు. తర్వాత ఆపేశాడు. నా మౌనం ఎందుకో అడగలేదు. అడిగి ఉంటే, ఎర్ర ఇంకుతోనైనా, ఈ రోజు నేను ఇంకో రకంగా రాసేదాన్నేమో.

పరీక్షల ముందు నోట్‌బుక్కులు ఇవ్వడానికి స్టాఫ్‌రూంకు పోయాను. తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల సారు, కొత్తగా చేరిన కెమిస్ట్రీ సారుకు ఊళ్లు తిరగడం నేర్పుతున్నాడు. మాకు మాటలు నేర్పిన గొంతే, అదే ఓపిక.

"ఉత్తగ బ్రోచర్ ఇచ్చి రాకు తమ్మి. ఏమన్న పెట్టించుకొని తిను. కోడి అంటె ఆళ్లకు బరువైతది, మనసుల పెట్టుకుంటరు. గుడ్డు ఏ ఇంట్లనైన ఉంటది. తిన్నవనుకో, కాయిదాలు నీ సంచిల వడ్డట్టే."

"అందరి ఇండ్లల్ల ఎట్ల తింటరు సారు? కడుపు పట్టద్దా?"

"అలవాటైతది."

ఆ నోట్‌బుక్కులు తలుపు పక్క బల్ల మీద పెట్టి వచ్చేశాను. మా అమ్మ పులుసులోంచి చిదపకుండా తీసుకున్న ఆ గుడ్డు గుర్తొచ్చింది. ఆకలి నిజమే అనుకున్నాం మేము. ఆ రోజు ఇంటికి వచ్చి డైరీలో ఆయన చెప్పిన మాటలు రాసుకున్నాను కానీ, అమ్మకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. "పాపం, మనింట్ల తిన్న మనిషి" అని అమ్మ ఆదివారం కన్నీళ్లు పెట్టుకుంది.

మౌనిక వరంగల్‌లో ఒక చీరల షాపులో పనిచేస్తోందని నాకు కిందటేడే తెలిసింది. పండక్కి చీర కొనడానికి అమ్మతో పోయినప్పుడు తనే నన్ను గుర్తుపట్టింది. సోమవారం పొద్దున షాపు తెరవగానే పోయాను. పరుపు మీద కూర్చుని, నిన్న విప్పిన చీరలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను.

"ఎన్నడు?"

"నిన్న పొద్దున."

"ఊ." మడత ఆగలేదు. "నువ్వు నోరిప్పి ఇంత దూరమొచ్చి చెప్తానవంటే ఏదో పెద్ద ముచ్చటే అనుకున్న."

చీర అంచు సరిచేసి పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది. నేను అడిగాను, ఇన్నేళ్ల తర్వాత. "నీ సర్టిఫికెట్లు?"

"ఆడ్నే ఉన్నయేమో. ఎలుకలు కొట్టినయేమో. నేను పది పాసైన్నంటే ఈ షాపోళ్లు కాయిదమేదన్నరు. లేదన్న. లేకుంటె ఫెయిలే అని రాసుకున్నరు."

"సారు మీ ఇంటికి రానే లేదు కదా?"

మౌనిక తల ఎత్తింది.

"రాకేం? అచ్చిండు. శనివారం పొద్దుగాల్నే అచ్చిండట. నేను హాస్టల్‌ల ఉన్న, నాకు దసరకు పోయినంక చెప్పిండ్రు. భుజానికి సంచి లేదట. చేతిల మా డబ్బ ఉందట, తోమి తెచ్చిండట. మా నాయిన చాప ఏసిండు. కూసోలేదు. మా అవ్వ పొయ్యి ముట్టిచ్చి, 'గుడ్డు ఏస్త సారు, ఒక్క నిమిషం' అన్నది. 'వద్దమ్మా, తినే అచ్చిన' అన్నడట. పొద్దుగాల ఏడింటికి మా ఊరికి తినొచ్చేటోళ్లు ఎవలే? డబ్బ అరుగు మీద పెట్టి మర్లిపోయిండు."

"కాగితాల సంగతి?"

"ఏం మాట్లాడలే. మా నాయిన గూడ అడగలే. తిననన్నడు గద. ఇగ అడిగేదేముంది? పొయ్యిల నీళ్లు పోసిందట మా అవ్వ."

కొనడానికి వచ్చిన ఆమె ఒకరు పక్కన కూర్చుని, "చెల్లె, గా పచ్చది తియ్యి" అంది. మౌనిక లేచి నిలబడి పచ్చ చీర దించింది. దాన్ని ఒక్క విదిలింపుతో పరుపంతా పరిచింది.

పదకొండో రోజు నేను సారు ఇంటికి పోయాను. ఎందుకు పోయానని అడిగితే చెప్పలేను. ఇంటి ముందు షామియానా, పూలదండ వేసిన ఫొటో. అదే బ్రోచర్ ఫొటో, పెద్దది చేయించారు. భుజం మీది సగం అక్షరం కూడా పెద్దదయింది. మా బ్యాచ్ వాళ్లు బంతిలో కూర్చుని తింటున్నారు. ఒకబ్బాయి నన్ను చూసి పక్కకు జరిగి చోటు చూపించాడు. లోపల గోడకు మేకు, మేకుకు ఆ నల్ల సంచి, పిన్నీసుతో సహా.

సారు భార్యను అంతకు ముందెప్పుడూ చూడలేదు. పెద్ద కళ్లు, అలసిన గొంతు. నేనెవరో చెప్పకముందే నా చెయ్యి పట్టుకుంది.

"సారు పిల్లవే గద? రా బిడ్డా, కూసో. ఇంత తిని పో."

ఆమె వెనకాల విస్తరి పట్టుకుని ఎవరో నిలబడ్డారు. నేను ఆమె చెయ్యి మెల్లగా వదిలించుకున్నాను.

"వద్దమ్మా" అన్నాను. "తినే వచ్చిన."